‘నీకు విశ్వాసం తక్కువ’ అనే మాట ఇక చాలు: సీమ జిల్లాల పాస్టరు అయ్యగార్లకు, సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం జిల్లాల్లో సంఘాలను కాస్తున్న అయ్యగార్లకు, అమ్మగార్లకు, కమిటీ పెద్దలకు ప్రభువు పేరట వందనాలు.

నేను గవర్నమెంటు ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. ఉండేది కర్నూలు. బైబిలు కాలేజీ గడప తొక్కలేదు, వాక్యం చెప్పేదాన్నీ కాదు. స్త్రీల కూడికలో ప్రార్థన చేయమంటే చేస్తాను, అంతవరకే. అయినా ఈ ఉత్తరం రాయడానికి నాకు ఒక అర్హత ఉందనుకుంటున్నాను. మీరు ఆదివారం చెప్పిన మాట సోమవారానికి వార్డులో, మంచం మీద ఏమవుతుందో చూసినదాన్ని.

సంగతి ఇది. కొన్నేళ్లుగా మన పుల్పిట్ల మీద ఒక బోధ బాగా బలిసింది. దేవుని బిడ్డకు రోగం రాదు, అప్పు నిలవదు, బండి బోల్తా పడదు. ఒకవేళ వచ్చిందీ, పడిందీ అంటే ఎక్కడో తేడా ఉంది, ఆ తేడా ఆ మనిషి విశ్వాసంలోనే ఉంది. మీరంతా ఇట్లా చెప్తారని నేననను. కానీ చెప్పనివాళ్లు కూడా, పెద్ద మీటింగులకు పిలిపించిన బయటి ప్రసంగీకులు ఈ మాట అంటుంటే స్టేజీ మీద వెనక కుర్చీల్లో కూర్చుని ఆమెన్ చెప్తున్నారు. ఆయన రాత్రికి రాత్రే కారెక్కి వెళ్లిపోతాడు. ఆ మాట మాత్రం మా వీధిలో ఉండిపోతుంది. రోగం తగ్గని ఇంట్లో మరీ ఉండిపోతుంది.

మా వీధిలో ఒక తాపీమేస్త్రీ ఉండేవాడు. కిడ్నీలు దెబ్బతిని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పోయేవాడు. ఎడమ చేతికి ఫిస్టులా పెట్టారు, అంటే డయాలసిస్ సూది గుచ్చడానికి రక్తనాళాలు రెండు కలిపి చేసే దారి. అది ఆడుతుంటే చర్మం కింద సన్నగా గుర్రుమంటుంది, వేలు పెడితే తెలుస్తుంది. అది ఆగిందంటే ఆ దారి మూసుకుపోయినట్టే. ఆయన భార్యకు నేనే నేర్పించాను. రోజూ రాత్రి దీపం తీసేముందు ఆయన మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి, ఆడుతోందని తెలుసుకుని, అప్పుడు పడుకునేది. ప్రార్థన కూడా ఆ వేళ్లు అక్కడ పెట్టే చేసుకునేది. ఆయన పోయాడు. ఆదరణ కూడికకు వచ్చిన ఒక అతిథి ప్రసంగీకుడు ‘దీర్ఘాయువుచేత అతనిని తృప్తిపరచెదను’ అనే వచనం తీసి, ఎక్కడ సందేహం ఉంటుందో అక్కడ వాగ్దానం పని చేయదని చెప్పాడు. ఎదురుగా తెల్లచీరలో ఆమె కూర్చునే ఉంది. కూడిక అయ్యాక అందరూ భోజనాలకు లేస్తుంటే నా దగ్గరికి వచ్చి అడిగింది: “అక్కా, ఆ శనివారం నేను ఉపవాసం చేయలేదు. ఒళ్లు తూలుతుంటే ఇంత సంగటి తిన్నాను. దానికేనా?”

అయ్యగారూ, పేరు ఆదరణ కూడిక. మొగుడు పోయిన మనిషికి అది పెట్టిపోయింది నేరం.

నేను అద్భుతాలు లేవనే రకం కాదు. డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మని చెప్పిన మనిషి మళ్లీ లేచి, తన కాళ్ల మీద తాను నడిచి చెకప్‌కి రావడం నా కళ్లతో చూశాను. అప్పుడు స్తోత్రం చెప్పాను, ఇప్పుడూ చెప్తాను. నా అభ్యంతరం అద్భుతం మీద కాదు. ఒకరికి జరిగినదాన్ని తీసుకుని, జరగనివాళ్ల నెత్తిన కొట్టడం మీద.

2021 మే నెలలో నేనింకా డ్యూటీలో ఉన్నాను. పీపీఈ కిట్టు లోపల చెమట కారి కారి బూట్లలో దిగేది. ఆ రోజుల్లో 91వ కీర్తన ఎక్కడ చూసినా కనిపించేది. వాకిళ్ల మీద స్టిక్కరు, ఆటో వెనక స్టిక్కరు, ఫోనులో ఆడియో. ‘ఏ తెగులును నీ గుడారమును సమీపించదు.’ ఆక్సిజన్ మాస్కు కింద పెదాలు కదుపుతూ ఆ కీర్తన చెప్పుకున్నవాళ్లలో ఇంటికి పోయినవాళ్లున్నారు, మార్చురీకి పోయినవాళ్లున్నారు. ఆ నెలల్లో మన సేవకుల్లోనూ పోయినవాళ్లున్నారు కదా. వాళ్లకేం తక్కువైందని చెప్దాం? ఎవరి విశ్వాసం ఎంతో కొలిచే మిషను మా వార్డులో లేదు. పల్స్ ఆక్సీమీటరు ఒక్కటే ఉండేది.

ఆ కీర్తన నాకూ ప్రాణం. అందుకే దాన్ని సగం చదవడం నాకు నచ్చదు. సువార్తల్లో ఆ కీర్తనను నోట పలికింది ఎవరో మీకు నేను చెప్పాలా? మత్తయి 4వ అధ్యాయం. దేవాలయ శిఖరం మీద యేసును నిలబెట్టి, దూకు, నీ పాదం రాతికి తగలకుండా దూతలు ఎత్తుకుంటారు అన్నది అపవాది. వచనం కూడా పూర్తిగా చెప్పలేదు. ‘నీ మార్గములన్నిటిలో నిన్ను కాపాడుటకు’ అన్న ముక్క మింగేశాడు. శిఖరం మీది నుంచి దూకడం మార్గం కాదు మరి. సింహాలనూ నాగుపాములనూ తొక్కుతావన్న తర్వాతి వచనం దాకా కూడా రాలేదు, అది తన మీదికే వస్తుందని భయమేమో. యేసు ఆ వాగ్దానం అబద్ధమని అనలేదు. దాన్ని పరీక్షకు పెట్టను అన్నాడు. అదే కీర్తనలో కొంచెం కిందికి రండి: ‘శ్రమలో నేనతనికి తోడై యుండెదను.’ శ్రమే రాకపోతే తోడుండటం ఎందుకు? కీర్తన రాసిన భక్తుడికి శ్రమ వస్తుందని తెలుసు. స్టిక్కరు ప్రింటు చేసినవాళ్లు ఆ వచనం వదిలేశారు.

ఇంకో చోటు చూడండి. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం. హేరోదు యాకోబును కత్తితో చంపించాడు. దానికి ఒకే ఒక్క వచనం. వెంటనే పేతురును పట్టుకున్నాడు. సంఘం అత్యాసక్తితో ప్రార్థన చేసింది, రాత్రిపూట దూత వచ్చి సంకెళ్లు ఊడగొట్టి, ఇనుప తలుపు దాటించి వీధిలో వదిలాడు. దానికి బోలెడు వచనాలు. పేతురు విడుదల మీద ప్రసంగాలు లెక్కలేనన్ని విన్నాను. యాకోబు గురించి ఒక్కటీ వినలేదు. ఇద్దరూ పన్నెండుమందిలో వాళ్లే. ఇద్దరూ రూపాంతర కొండ ఎక్కినవాళ్లే. యాకోబుకు విశ్వాసం తక్కువైందా? సంఘం అతని కోసం ప్రార్థన చేయలేదా? బైబిలు చెప్పలేదు, మనం కల్పించకూడదు. నాకు మాత్రం వాళ్లమ్మ గుర్తొస్తుంది. నా ఇద్దరు కొడుకులను నీ రాజ్యంలో కుడిపక్కన ఒకణ్ణి, ఎడమపక్కన ఒకణ్ణి కూర్చోబెట్టమని అడిగిన తల్లి. అప్పుడే యేసు చెప్పాడు, నా గిన్నెలోది మీరు తాగుతారని. ఆ తల్లి సిలువ దగ్గర కూడా నిలబడింది. పేతురు తలుపు తట్టిన రాత్రికి ఆమె బతికి ఉంటే, పేతురు వచ్చాడని ఇంటిల్లిపాదీ సంబరపడుతుంటే ఒక మూల కూర్చుని ఏమనుకుని ఉంటుంది? మన ప్రతి సంఘంలోనూ ఆ మూల ఒకటి ఉంది. పుల్పిట్ మీది నుంచి అది కనిపించదు.

కర్నూలువాళ్లకు 2009 అక్టోబరు 2 మళ్లీ చెప్పనక్కర్లేదు. తుంగభద్ర ఒకవైపు, హంద్రీ ఒకవైపు ఊరి మీద పడ్డాయి. కింద శ్రీశైలానికి పాతిక లక్షల క్యూసెక్కుల దాకా నీళ్లు వచ్చిపడ్డాయి. గుడి, మసీదు, చర్చి అన్న తేడా లేకుండా అన్నీ మునిగాయి. మేం ప్రాణాలు దక్కించుకున్నది పక్కింటి ముస్లిం కుటుంబం మిద్దె మీద. వాళ్ల పెద్దామె చీకట్లోనే మా పిల్లల చేతుల్లో బొరుగులు పోసింది. నీళ్లు తీసిన తర్వాత మోకాలి లోతు ఒండ్రు. బియ్యం డబ్బా, బైబిలు, పెళ్లి ఫొటోలు అన్నీ ఒకటే రంగు.

తర్వాత మొదటిసారి ఆరాధన పెట్టుకున్న ఆదివారం సాక్ష్యాలు చెప్పమన్నారు. ఒక అన్న లేచాడు. నీళ్లు మా ఇంటి మూడో మెట్టు దగ్గర ఆగిపోయాయి, దేవుని బిడ్డల గడప దాటే ధైర్యం నీళ్లకు లేదు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో సగం మంది ఇళ్లలో నీళ్లు అటక దాకా వచ్చాయి. ఆ అన్న ఇల్లు ఎత్తు మీద ఉందన్నది అందరికీ తెలుసు. ఆయన సంతోషాన్ని నేను తప్పుపట్టను. కానీ మిద్దె ఇచ్చిన పక్కింటివాళ్ల గురించి సాక్ష్యం చెప్పమని మమ్మల్ని ఎవరూ అడగలేదు. దేవుడు మమ్మల్ని కాపాడింది ఆ మెట్ల మీదుగానే కదా!

యెషయా 43 ఎంత స్పష్టంగా ఉందో చూడండి. ‘నీవు జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడై యుందును.’ జలాల్లో పడటం ఖాయం అన్నట్టే ఉంది ఆ మాట. పౌలు రోమాకు పోయే దారిలో ఓడ బద్దలైంది. దేవుడు ముందే దూత చేత చెప్పించాడు, ఒక్క ప్రాణం కూడా పోదు, ఓడ మాత్రం పోతుంది అని. 276 మంది, కొందరు ఈది, కొందరు పలకలు పట్టుకుని ఒడ్డు చేరారు. సరుకు పోయింది, గోధుమలు సముద్రంలో పారబోశారు, ఓడ ముక్కలైంది. ఆ రోజు సాక్ష్యం చెప్పాల్సి వస్తే తడిసిన బట్టలతో, చలికి వణుకుతూ చెప్పాలి. అట్లాంటి సాక్ష్యాలకు మన ఆరాధనలో చోటెక్కడుంది?

ఇంతకంటే చేదు మాట ఒకటి ఉంది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు రాజంపేట వైపు ఊళ్ల మీద పడింది. కార్తీక దీపాలు పెట్టుకోడానికి శివాలయానికి వెళ్లినవాళ్లు కూడా ఆ నీళ్లలో కొట్టుకుపోయారు. అది విని మనవాళ్లలో కొందరు, చూశారా, ఏ దేవుణ్ణి మొక్కితే ఏమైందో అన్నారు. నా చెవులారా విన్నాను. సిలోయము గోపురం కూలి చచ్చిన 18 మంది యెరూషలేములో ఉన్న అందరికంటే పాపులనుకుంటున్నారా అని ప్రభువు అడిగింది మనల్నే. ‘కారు’ అని జవాబు కూడా ఆయనే చెప్పాడు. ఒక ఊరు శవాలు వెతుక్కుంటుంటే దాన్ని మన విశ్వాసానికి రుజువుగా వాడుకునే నోటిని అక్కడికక్కడే ఆపాల్సింది మీరు. మీరు ఆపకపోతే ఇంకెవరు ఆపుతారు?

ఇక ఓర్పు సంగతి. ‘శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేయును’ అని రోమా పత్రికలో ఉంది. శ్రమకాలపు కూటాల్లో ఏటా వింటాం. దాన్ని తీసుకొచ్చి ఎవరికి చెప్తున్నారో కూడా చూస్తున్నాను. మొగుడు కొడితే పాస్టరమ్మ దగ్గరికి వచ్చి ఏడ్చే ఆడమనిషికి చెప్తున్నారు. ఓర్చుకో తల్లీ, ప్రార్థన చెయ్యి, ఆయన మారతాడు అని. క్యాజువాలిటీలో బాత్రూములో జారిపడ్డానని చెప్పే ఆడవాళ్లకు నేను కట్టు కట్టాను. జారిపడితే అరచేతులు గీరుకుంటాయి, మోకాళ్లు పగులుతాయి. ముంజేతి బయటివైపు వరసగా కమిలిన గుర్తులు ఉన్నాయంటే, దెబ్బ మొహానికి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టిందని అర్థం. అట్లాంటి చెయ్యి మీ ముందు చాపి ప్రార్థన చేయమంటే, ప్రార్థన చేయండి. చేసి 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోను చేయించండి. పుట్టింటికి పంపండి, లేకపోతే మీ ఇంట్లో ఓ గది ఇవ్వండి. గృహహింస చట్టం 2005 నుంచీ ఉంది. దాన్ని వాడుకోవడం అవిశ్వాసం కాదు.

ఎందుకు కాదంటే పౌలు ఏం చేశాడో చూడండి. దమస్కులో చంపడానికి కాచుకుని ఉంటే గంపలో కూర్చుని గోడ మీది నుంచి దిగి పారిపోయాడు. యెరూషలేములో కొరడాలతో కొట్టడానికి కట్టేస్తుంటే, నేను రోమీయుణ్ణి, విచారణ లేకుండా కొట్టడానికి మీకు అధికారముందా అని చట్టం అడిగాడు. ఆ తర్వాత రాత్రి ప్రభువు పక్కన నిలబడి ధైర్యంగా ఉండు అని చెప్పాడు. తెల్లారేసరికి నలభైమందికి పైగా అతన్ని చంపేదాకా తిండి తినమని ఒట్టు పెట్టుకున్నారు. ప్రభువు మాట ఎట్లా నెరవేరింది? పౌలు మేనల్లుడికి ఆ కుట్ర చెవిన పడింది. కుర్రాడు పోయి చెప్పాడు, పౌలు వాణ్ణి అధికారి దగ్గరికి పంపాడు. ఆ రాత్రి 200 మంది సిపాయిలు, 70 మంది గుర్రపు రౌతులు, 200 మంది ఈటెలవాళ్ల నడుమ పౌలు ఊరు దాటాడు. అంత పెద్ద అపొస్తలుణ్ణి దేవుడు కాపాడింది మేనల్లుడి చేత, పోలీసు బందోబస్తు చేత. నాకైతే అదేం చిన్న అద్భుతం అనిపించదు.

మందుల గురించి కూడా చెప్పక తప్పదు. టీబీకి మామూలుగా ఆరు నెలల కోర్సు. రెండో నెలకే దగ్గు తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఒక స్వస్థత కూటానికి పోయి, స్వస్థపడ్డానని స్టేజీ ఎక్కి చెప్పి, మాత్రలు మానేస్తారు. కొన్ని నెలలకు మళ్లీ రక్తం కక్కుతూ వస్తారు. ఈసారి మామూలు మందుకు లొంగని టీబీ. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లకూ అదే అంటుకుంటుంది. షుగరు ఇన్సులిను మానేసి కోమాలో వచ్చినవాళ్లనూ చూశాను. మందులు మానమని తాను ఎప్పుడూ చెప్పలేదని ఆ ప్రసంగీకుడు అంటాడు. నిజమే, చెప్పి ఉండడు. వేసుకోమని కూడా చెప్పలేదు. స్టేజీ మీద ప్రార్థన అయ్యాక, డాక్టరు చెప్పేదాకా మాత్రలు ఆపొద్దు అని ఒక్క ముక్క అనడానికి ఎంతసేపు పడుతుంది?

మన పెద్దలు ఇట్లా ఉండలేదు. మన జమ్మలమడుగులో లండన్ మిషను వాళ్లు సువార్తతోపాటు క్యాంబెల్ ఆసుపత్రి కట్టారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్లన్నీ కలిసి టీబీ రోగులకు శానిటోరియం పెట్టాయి. ఇంకా వెనక్కి పోతే, 1527లో విటెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు మార్టిన్ లూథర్ ఊరు వదలకుండా రోగుల మధ్యే ఉన్నాడు. దేవుణ్ణి కాపాడమని ప్రార్థిస్తాను, మందు వేసుకుంటాను, నా అవసరం లేని చోటికి పోను, నా పొరుగువాడికి నా అవసరముంటే మాత్రం ఆగను అన్న అర్థంలో ఉత్తరం రాశాడు. కరోనా నాటి మా డ్యూటీ నియమాలకూ ఆ మాటలకూ పెద్ద తేడా లేదు. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో తెగులు వస్తే క్రైస్తవులు రోగులకు చాకిరీ చేస్తూ, వాళ్ల రోగమే తమకంటుకుని చనిపోయారని అక్కడి బిషప్ డయొనీసియస్ రాసిపెట్టాడు. వాళ్లకు విశ్వాసం తక్కువైందని ఆయన రాయలేదు. వాళ్లను హతసాక్షుల లెక్కలో కట్టాడు.

మరి దేవుడు కాపాడతాడని చెప్పకూడదా అని మీరు అడుగుతారు. చెప్పండి. లూకా 21లో ప్రభువు ఎట్లా చెప్పాడో అట్లా చెప్పండి. ‘మీలో కొందరిని చంపింతురు’ అన్నాడు. ఒక్క వచనం దాటాక, అదే నోటితో, ‘మీ తలవెండ్రుకలలో ఒకటైనను నశింపదు’ అన్నాడు. ఆ వెంటనే, ‘మీరు మీ ఓర్పు చేత మీ ప్రాణములను దక్కించుకొందురు.’ చంపడమూ నిజమే, వెంట్రుక నశించకపోవడమూ నిజమే. ఈ రెండూ ఒకే చోట ఎట్లా పొసుగుతాయో వివరించే పాండిత్యం నాకు లేదు. అది మీ పని. ఒకటి చెప్పి ఒకటి దాచడం మాత్రం మీ పని కాదు.

గెత్సేమనే తోటలో ఆయన కూడా గిన్నె తొలగించమనే అడిగాడు. తొలగలేదు. దూత వచ్చాడు, నిజమే. సిలువ తప్పించడానికి రాలేదు, ‘ఆయనను బలపరచెను’ అని ఉంది. శిఖరం మీది నుంచి దూకితే పట్టుకుంటారని అపవాది ఎర చూపిన దూతలు వేరే పనికి వచ్చారన్నమాట. నైట్‌డ్యూటీల్లో నాకు ఎక్కువగా కనిపించింది ఈ రెండో రకం కాపుదలే. రోగం అట్లాగే ఉంటుంది. మనిషి మాత్రం చితికిపోడు. రాత్రంతా మూలిగిన ముసలాయన తెల్లారి పక్క మంచం కుర్రాడికి తన బన్ను సగం విరిచి ఇస్తాడు. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. దాన్ని మీరు సాక్ష్యంగా లెక్కలో వేయరు, తగ్గిన రోగాలనే వేస్తారు.

ఆ బలం ఊరికే దిగిరాదు. మనుషుల చేతుల మీదుగా వస్తుంది. పుత్తూరు కట్టు ఎముకను ఒక్కరోజులో అతికించదు. అతుక్కునేదాకా కదలకుండా పట్టుకుంటుంది, బిగుతుగా పట్టుకుంటే నొప్పి కూడా ఉంటుంది. సంఘం చేయాల్సింది ఆ పట్టుకోవడం. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు తెరవకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. తర్వాత నోరు విప్పారు, చివరికి దేవుడు వాళ్ల మీద కోప్పడ్డాడు. నా గురించి యుక్తమైనది పలికింది నా సేవకుడు యోబే అన్నాడు. అరిచినవాడు, పుట్టిన దినాన్ని శపించినవాడు యోబు. బుద్ధులు చెప్పినవాళ్లు వాళ్లు.

మన పడమటి కర్నూలు సంఘాలనే చూడండి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వాన ముఖం చాటేసిన ఏడాది ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోతాయి. ముసలివాళ్లూ, తాళాలూ మిగులుతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోసేవాళ్ల వేళ్లు మండి రాత్రుళ్లు నిద్రపట్టదు. చంటిపిల్లను ఎత్తుకోవాలంటే మొహానికి చెయ్యి తగులుతుందని భయం. మన విశ్వాసులే అక్కడ పొలం గట్ల మీద పట్టా గుడిసెల్లో ఉంటారు. వాళ్లు లేని ఆదివారాలు ఇక్కడ కానుకల లెక్క తగ్గిందని ప్రకటనల్లో చెప్తారే గానీ, వాళ్ల పేర్లు చదివి ప్రార్థన చేయడం ఎన్ని సంఘాల్లో ఉంది? ఏ ఊరికి పోయారో రాసుకుని, అక్కడి పాస్టరుకు ఒక ఫోను చేసి, మావాళ్లు మీ పొలాల్లో ఉన్నారు చూడండి అని చెప్పిన అయ్యగార్లు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు. వాళ్ల సంఘాల్లో స్వస్థత బ్యానర్లు లేవు.

ఈ నేలకు శ్రమ కొత్త కాదు. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువు గురించి మా అవ్వ వాళ్ల అవ్వ చెప్పగా విన్న మాటలు ఇంకా ఇళ్లలో తిరుగుతూనే ఉన్నాయి. కరువు పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా అని సర్కారు తరఫున రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించాడు. పౌను అంటే అరకిలో కూడా లేదు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ నడుమ కర్నూలు జిల్లా జనం దాదాపు పావువంతు తగ్గిపోయారు. మన ఊళ్లలో చాలా సంఘాలు వేళ్లూనుకున్నది ఆ కరువు తర్వాతి ఏళ్లలోనే. బాప్తిస్మం తీసుకున్న మన ముత్తాతలకు, మీకిక కష్టం రాదని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఉండేవాళ్లు. వాళ్లు అప్పటికే సగం కుటుంబాన్ని పాతిపెట్టి వచ్చినవాళ్లు. అయినా వచ్చారు. వాళ్లు పాడిన పాత కీర్తనల్లో శ్రమ అనే మాట ఎన్నిసార్లు వస్తుందో, ఇప్పుడు మనం కీబోర్డు పెట్టుకుని పాడే పాటల్లో విజయం అనే మాట అన్నిసార్లు వస్తుంది.

అందుకే అడుగుతున్నాను. ఆదరణ కూడికకు బయటి ప్రసంగీకుణ్ణి పిలిస్తే, ఆ ఇంట్లో ఏం జరిగిందో ముందే చెప్పి, ఏ మాట అనకూడదో కూడా చెప్పండి. మీటింగుకు పిలిచేవాళ్లు మీరే, కవరు ఇచ్చేవాళ్లు మీరే, చెప్పే హక్కు మీకుంది. సాక్ష్యాల సమయంలో, అడిగింది దొరకనివాళ్లను కూడా పిలవండి. మొదట్లో ఎవరూ లేవరు. సిగ్గుపడతారు, ఇన్నేళ్లు మనం నేర్పింది అదే కాబట్టి. 88వ కీర్తన ఎప్పుడైనా ఆరాధనలో చదివించండి. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని ముగుస్తుంది, తర్వాత స్తోత్రం లేదు, హల్లెలూయా లేదు. చదివాక వెంటనే ఊరడించే పాట ఎత్తుకోకండి. కాసేపు ఆగండి. అట్లాంటి కీర్తనను బైబిల్లో ఉంచిన దేవుడు మన సంఘంలో ఏడ్చేవాళ్లను తట్టుకోలేడా?

చివరిగా డిసెంబరు 31 రాత్రి సంగతి. పన్నెండు కొట్టగానే పళ్లెంలో వాగ్దాన కార్డులు పెట్టి తీసుకోమంటారు. చిన్నప్పటి నుంచీ తీసుకుంటున్నాను, ఇష్టంగానే. తలగా చేస్తాను తోకగా చేయను, నీ కొట్లు నిండుతాయి, నీ శత్రువులు నీ పాదాల కింద. వీటిల్లో ఏదీ తప్పు వచనం కాదు. కానీ ‘లోకములో మీకు శ్రమ కలుగును, అయినను ధైర్యము తెచ్చుకొనుడి, నేను లోకమును జయించి యున్నాను’ అనే కార్డు ఆ పళ్లెంలో నాకు ఇంతవరకూ కనిపించలేదు. అది కూడా వాగ్దానమే, అదీ ప్రభువు నోటి నుంచే. కొత్త సంవత్సరం రాత్రి ఆ కార్డు చేతికొస్తే జనం నొచ్చుకుంటారని మీ భయం కావచ్చు. డయాలసిస్ మంచం మీద ఉన్నవాళ్లు నొచ్చుకోరు, నేను పూచీ. కార్డులు నవంబరులోనే ప్రింటుకు ఇస్తారు కదా. యోహాను 16:33 ఒక కట్ట వేయించండి. మా సంఘం వరకు ఆ ఖర్చు నేనే పెట్టుకుంటాను, కమిటీలో తీర్మానం అక్కర్లేదు.

వందనాలతో,
మీ సంఘాల్లో ఒక సభ్యురాలు,
రిటైర్డ్ స్టాఫ్ నర్సు, కర్నూలు